గొడ్ల మందలో కుక్కతో నడక... జాగ్రత్త!

ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకొని వస్తే ఇంజాపూర్ దాటగానే తగిలే తుర్కయంజాల్‌లో ఇప్పుడు ఊరూ ఉంది, పట్నమూ ఉంది. ఒక పక్క కాలనీలు, అపార్టుమెంట్లు. ఇంకో పక్క మిగిలిన నాలుగు మడులు, చెల్కలు, ఇల్లు లేవని ప్లాట్లు, మాసబ్ చెరువు శిఖం. మేపు భూములు తగ్గినకొద్దీ గొడ్లు మేసే జాగా, జనం నడిచే జాగా ఒకటే అవుతున్నాయి. పొద్దున్నే పాలు పిండి బర్రెలను మేతకు తోలే వేళకే కాలనీవాళ్లు కుక్కను పట్టుకొని వాకింగుకు బయలుదేరుతారు. కట్ట మీదనో, పొలం బాట మీదనో ఇద్దరూ ఎదురుపడతారు. పేచీ అక్కడే మొదలవుతుంది.

"మా కుక్క ఏమనదు" అంటారు వాకింగుకు వచ్చినాయన. "మా బర్రె ఎవర్నీ పొడవది" అంటాడు కాపరి. ఇద్దరి మాటా నిజమే. అయితే ఆ రెండూ విడివిడిగా ఉన్నప్పుడే నిజం. సాధువైన కుక్క, సాధువైన బర్రె ఒకచోట చేరితే రెండింటికీ వాటి వాటి పుట్టుబుద్ధి గుర్తుకొస్తుంది. మధ్యలో గొలుసు పట్టుకొని నిలబడ్డ మనిషికి దెబ్బ తగులుతుంది. బెదిరిన మంద సాగర్ రోడ్డు మీదికి ఉరికితే లారీ కింద పడేది బర్రె, దాని వెనకాలే రైతు బతుకు. పాడి రైతులూ, కుక్కలు పెంచేవారూ ముందుగానే కొన్ని సంగతులు తెలుసుకుంటే ఈ ప్రమాదాలను చాలావరకు తప్పించుకోవచ్చు.

పశువు చూసేది కుక్కను

ఆవులు, బర్రెలు వేల ఏళ్లుగా మన ఇంటి గుంజకు కట్టుబడి ఉన్నా, వాటి భయం మాత్రం అడవి నాటిదే. తోడేళ్లు, అడవికుక్కలు దూడలను పట్టుకుపోయిన రోజుల నుంచి వచ్చిన భయం అది. పశువు కంటికి పొమేరియన్ అయినా, లాబ్రడార్ అయినా, వీధికుక్క అయినా ఒకటే. నాలుగు కాళ్ల మీద వంగి వచ్చే ప్రతి చిన్న జంతువూ దూడ కోసం వచ్చిందనే అనుకుంటుంది. తమ ఇంటి కుక్కకు అలవాటుపడ్డ బర్రె కూడా కొత్త కుక్కను చూస్తే చెవులు నిక్కిస్తుంది.

పశువు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే చుట్టూ దాదాపు అంతా చూడగలదు. కాని సరిగ్గా తోక వెనక భాగం, ముట్టె ముందు కొద్ది జాగా దానికి కనపడవు. దూరం అంచనా వేయడంలోనూ మనంత నేర్పు లేదు. వినికిడి మాత్రం చురుకు. వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చిన కుక్క ఒక్కసారిగా మొరిగితే పశువు బెదిరి తన్నుతుంది, లేదా గిర్రున తిరిగి కొమ్ము విసురుతుంది. ముర్రా బర్రె బరువు 450 నుంచి 550 కిలోల దాకా ఉంటుంది. అది కోపంతో రానక్కరలేదు, బెదిరి పక్కకు జరిగినా చాలు, మనిషి నిలవలేడు.

బెదరడం వల్ల వచ్చే నష్టం అక్కడితో ఆగదు. భయపడిన పశువు ఆ పూట సరిగా చేపదు. దూడను వదిలినా, పొదుగు కడిగినా పాలు దిగవు. భయంలో ఒంట్లో ఊరే రసాయనాలు పాలు దించే ఆక్సిటోసిన్ పనిని అడ్డుకోవడమే దీనికి కారణం. నిండు చూడి బర్రెను కుక్కలు తరిమితే పడిపోయి దెబ్బలు తగలవచ్చు, ఈసుకుపోయే ప్రమాదమూ ఉంది. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ ఇళ్లకు పాలు పోసే చిన్న రైతుకు ఒక్క ఈత పోతే ఆ ఏడాది ఆదాయం పోయినట్టే.

ఈనిన బర్రె దగ్గర మరీ జాగ్రత్త

ఆవు చూడికాలం సుమారు 280 రోజులు, బర్రెకు సుమారు 310 రోజులు. మన ప్రాంతంలో బర్రెలు ఎక్కువగా వానకాలం చివరి నుంచి చలికాలం దాకా ఈనుతాయి. చెరువు కింద పచ్చిక లేచేది, వాకింగుకు వచ్చేవారు పెరిగేది కూడా ఆ రోజుల్లోనే. అందుకని ఆ నెలల్లో అందరూ మరింత కనిపెట్టి ఉండాలి.

ఈనిన మొదటి రోజుల్లో తల్లికి దూడ తప్ప వేరే లోకం ఉండదు. రోజూ చెయ్యి వేయనిచ్చే బర్రె ఆ వారం యజమానినే దగ్గరకు రానివ్వకపోవచ్చు. పైగా చంటి దూడ గడ్డిలోనో, గట్టు చాటునో పడుకొని ఉంటుంది, మనకు కనపడదు. బర్రె ఒక చోట మేస్తుంటే దూడ ఇంకో చోట ఉంటుంది. తెలియక ఆ రెండింటి మధ్య నుంచి కుక్కతో నడిచామా, ఇక తల్లి ఆగదు.

"ఈనగాచి నక్కల పాలు" అన్న సామెత ఊరికే పుట్టలేదు. పశువు ఈనే వాసనకు, మావి వాసనకు కుక్కలు గుంపుగా చేరతాయి. మావిని పెంట మీద పారేస్తే కుక్కలకు రుచి మరుగుతుంది. మళ్లీ ఈత జరిగినప్పుడు అవే కుక్కలు దూడ మీద పడతాయి. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. 'నియోస్పోరా' అనే సూక్ష్మజీవి ఉన్న మావిని కుక్క తింటే, తర్వాత అది దాని మలంతో పాటు మేతలోకి, నీళ్లలోకి చేరుతుంది. ఆ గడ్డి మేసిన చూడి పశువు ఈసుకుపోవచ్చు. కాబట్టి మావిని కుక్కలు తవ్వలేనంత లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాలి. కుక్కతో వచ్చేవారు కూడా దాని మలాన్ని పచ్చిక మీద వదలకుండా కవరులో ఎత్తి తీసుకుపోవాలి. మీకది చెత్త, రైతుకు రోగం.

కోపం ముందే తెలుస్తుంది

పశువు చెప్పకుండా పొడవదు. దాని మాట మనకు అర్థం కావాలి, అంతే. మేస్తున్న పశువు మేత ఆపి తల ఎత్తి, చెవులు ముందుకు నిలిపి కుక్కనే చూస్తోందంటే మొదటి హెచ్చరిక. ముక్కుతో బుసకొట్టడం, తల దించి ఊపడం, ముందుకాలితో మన్ను తవ్వడం రెండో హెచ్చరిక. దున్నపోతు గాని, ఆబోతు గాని పక్కకు తిరిగి తన నిండు ఒళ్లు చూపిస్తూ మెల్లగా నడిచిందంటే 'నా బలం చూడు' అంటున్నట్టు లెక్క. మంద అంతా ఒక్కచోట గుమిగూడి కుక్క వైపు తిరిగినా వెనక్కు తగ్గాల్సిందే. కోడెదూడలు, పెయ్యలు మాత్రం వింత కొద్దీ ఉరికివస్తాయి. అవి పొడవడానికి రాకపోయినా వాటిని చూసి కుక్క మొరిగితే కథ అడ్డం తిరుగుతుంది.

కుక్కతో నడిచేవారు పాటించాల్సినవి

1. మంద కనపడగానే కుక్కకు గొలుసు తగిలించాలి. గొలుసు పొట్టిగా పట్టాలి. చుట్టి చేతికి బిగించుకోవడం, నడుముకు కట్టుకోవడం ఎంతమాత్రం పనికిరాదు. అవసరమైతే ఒక్క క్షణంలో వదిలేసేలా ఉండాలి.

2. మంద మధ్య నుంచి దారి ఉన్నా చుట్టు తిరిగి వెళ్లాలి. కనీసం 50 అడుగులు, దూడలుంటే 100 అడుగులకు పైగా ఎడం ఉంచాలి. జాగా చాలకపోతే ఆ రోజుకు వెనక్కు మళ్లడమే మేలు.

3. గుంజకు కట్టేసిన పశువే కదా అని దగ్గరగా పోవద్దు. పలుపు ఎంత పొడవుందో అంతకు రెండింతల దూరం పాటించాలి. కుక్క గొలుసు, పశువు పలుపు చిక్కుపడితే ఇద్దరినీ విడదీయడం ఎవరి తరమూ కాదు.

4. కాపరి ఉంటే దూరం నుంచే కేకేసి అడగండి. "అన్నా, కుక్క ఉంది, ఎటు నుంచి పోవాలె?" అంటే చాలు. ఏది ఈనింది, ఏది పొడుస్తది అన్నది అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

5. దూడ ముద్దుగా ఉందని తాకడం, కుక్కను దగ్గరకు తీసుకుపోయి ఫొటో తీయడం మానుకోవాలి.

6. పిల్లల చేతికి గొలుసు ఇవ్వవద్దు. పెద్ద కుక్క లాగితే పిల్లవాడు ఆపలేడు, భయంతో గొలుసు వదలనూ లేడు.

7. నీళ్లలో పడుకున్న బర్రెల దగ్గర కుక్కను ఈతకు వదలవద్దు. బర్రెలన్నీ ఒక్కసారి లేస్తే ఒడ్డున ఉన్నవారికి తప్పుకోవడానికి జాగా ఉండదు.

మీదికి వస్తే గొలుసు వదిలేయండి

ఇంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి పశువు మీదికి రావచ్చు. అప్పుడు చాలామంది చేసే పని కుక్కను దగ్గరకు లాక్కోవడం, చిన్నదైతే చంకకు ఎత్తుకోవడం. ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. పశువు కోపం కుక్క మీద. కుక్క మీ చంకలో ఉంటే కొమ్ము వచ్చేది మీ కడుపులోకే. పశువు నిజంగా దూసుకువస్తుంటే గొలుసు వదిలేయాలి. మనిషి కంటే కుక్క వేగం ఎక్కువ, మలుపులు తిరగడంలో నేర్పు ఎక్కువ. అది తప్పించుకుంటుంది. పశువు దాని వెంట పడుతుంది, మీకు దారి దొరుకుతుంది. అయితే పశువు ఊరికే చూస్తున్నప్పుడు తొందరపడి వదలకూడదు. అలా వదిలితే కుక్కే మందలోకి ఉరికి రచ్చ చేస్తుంది.

గొలుసు వదిలాక మీరు వెనక్కు తిరిగి పరుగెత్తవద్దు. పశువు వైపే చూస్తూ, మెల్లగా పక్కకు జరుగుతూ గోడ, చెట్టు, రాళ్ల కుప్ప, కడీల కంచె ఏది దగ్గరుంటే దాని చాటుకు చేరాలి. చేతిలో కర్ర ఉంటే అడ్డంగా చాపి గట్టిగా అదిలించాలి. కొట్టడానికి పోవద్దు. కిందపడితే రెండు చేతులతో తల, మెడ కాచుకొని ముడుచుకోవాలి. సందు దొరకగానే దొర్లి కంచె అవతలికో, కాలువలోకో పోవాలి.

పశువు తొక్కినా, కుమ్మినా పైకి గాయం కనపడలేదని ఇంటికి పోయి పడుకోవద్దు. పక్కటెముకలు విరగడం, లోపల రక్తం కారడం వెంటనే తెలియవు. 108కి ఫోన్ చేసి దవాఖానకు పోవాలి.

తప్పు ఎవరిది?

బ్రిటన్‌లో పచ్చిక పొలాల మధ్య నుంచి అందరూ నడవడానికి హక్కున్న బాటలు ఉన్నాయి. అందువల్ల ఇలాంటి ప్రమాదాలు అక్కడ తరచూ చర్చకు వస్తాయి. 2009 జూన్‌లో ఆ దేశపు మాజీ హోంమంత్రి డేవిడ్ బ్లంకెట్ మీద పీక్ డిస్ట్రిక్ట్ ప్రాంతంలో ఒక ఆవు పడింది. ఆయనకు చూపు లేదు, దారి చూపే కుక్క ఆయన వెంట ఉంది. ఆ దెబ్బకు పక్కటెముక విరిగింది. పశువు తరిమితే కుక్కను వదిలేయమనే అక్కడి ప్రభుత్వం కూడా నడిచేవారికి చెబుతోంది. చదువుకని, కొలువని మన పిల్లలు ఎంతోమంది ఆ దేశంలో ఉన్నారు. ఈ సంగతి వారి చెవిన వేయడం మంచిది.

ఆస్ట్రియాలోని టిరోల్ కొండల్లో 2014లో జరిగింది ఇంకా ఘోరం. జర్మనీ నుంచి వచ్చిన ఒక మహిళ కుక్క గొలుసును నడుముకు తగిలించుకొని, దూడలున్న ఆవుల మంద పక్కనున్న బాట మీద నడిచింది. ఆవులు మీదపడి తొక్కడంతో ఆమె చనిపోయింది. తప్పంతా రైతుదేనని 2019లో మొదటి కోర్టు తీర్పు చెప్పింది. దాంతో కొండల్లో పశువులు మేపే రైతులు బెంబేలెత్తారు. పై కోర్టు మాత్రం రైతు, నడిచిన మనిషి ఇద్దరిదీ చెరి సగం తప్పు అంది. 2020లో అక్కడి సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. తల్లి ఆవులున్న చోట బాటకు కంచె వేయకపోవడం రైతు తప్పు. హెచ్చరిక బోర్డు ఉన్నా కుక్కతో దగ్గరగా పోవడం, గొలుసు నడుముకు కట్టుకోవడం ఆమె తప్పు.

మన దేశంలోనూ చట్టం ఇద్దరినీ చూస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు గాని, తీవ్ర గాయం గాని కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని వారికి 6 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇందులో కుక్క అనీ, బర్రె అనీ తేడా లేదు.

పాడి రైతులు చేయవలసినవి

ఈనడానికి దగ్గరపడ్డ పశువును, ఈనిన పశువును కనీసం రెండు మూడు వారాలు మేతకు తోలకుండా కొట్టంలోనే ఉంచి మేపాలి. తప్పనిసరై తోలితే జనం నడిచే బాటకు దూరంగా కట్టేయాలి. పొడిచే అలవాటున్న పశువును, దున్నపోతును కాపరి లేకుండా వదలరాదు. ముదురు కొమ్ముల పశువు మెడకు గంట కడితే చాటు నుంచి వచ్చేవారికి ముందే తెలుస్తుంది. దూడలు పుట్టిన 10-15 రోజుల్లోపే పశువుల డాక్టరుతో కొమ్ము మొగ్గలు తీయిస్తే పెద్దయ్యాక బాధ ఉండదు.

మీ ప్లాటులోనో, కౌలు చెల్కలోనో బాట ఉంటే నాలుగు కడీలు పాతి తీగ లాగండి. అది కుదరకపోతే ఒక అట్టముక్క మీద "ఈనిన బర్రె ఉంది, కుక్కతో రావద్దు" అని రాసి కట్టండి. ఖర్చు పది రూపాయలు కాదు. ఏ వేళకు ఎటు తోలుతారో కాలనీ సంఘం వారికి చెప్పి పెట్టుకుంటే వారు ఇంకో వేళకో, ఇంకో దారిలోనో నడుస్తారు. దబాయించి మాట్లాడితే తెగని పంచాయతీ, ముందుగా ఒక మాట అనుకుంటే తెగుతుంది.

వీధికుక్కల బెడద ఎక్కువుంటే విషం పెట్టడం వంటి పనులు చేయవద్దు. అది నేరం. ఆ విషం మీ గొడ్ల కడుపులోకీ పోవచ్చు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్లు, రేబిస్ టీకాలు వేయించే బాధ్యత స్థానిక సంస్థలది. నలుగురు రైతులు కలిసి రాతపూర్వకంగా అడగాలి.

కుక్క కరిచిన పశువును ఊరికే వదలొద్దు

పొడుపు గాయం కంటికి కనపడుతుంది. కుక్క పంటి గాటు వెంట్రుకల్లో దాగిపోతుంది. కరిచింది రేబిస్ ఉన్న కుక్క అయితే జబ్బు వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత బయటపడుతుంది. బయటపడ్డాక వైద్యం లేదు. అందుకే కుక్కలతో పెనుగులాట జరిగిన రోజున పశువు ఒళ్లంతా, ముఖ్యంగా ముట్టె, చెవులు, కాళ్లు తడిమి చూడాలి. చూసే చేతికి గ్లవుసు గాని, ప్లాస్టిక్ సంచి గాని తొడుక్కోవాలి.

గాటు కనపడితే సబ్బుతో, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. కారం, పసుపు, సున్నం, కిరోసిన్ పూయరాదు. ఆ రోజే పశువుల దవాఖానకు పోవాలి, లేదా 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. కరిచిన రోజు మొదలుకొని 0, 3, 7, 14, 28 రోజుల్లో టీకా వేయించాలి. రెండు వేసి మానేస్తే ఫలితం ఉండదు.

రేబిస్ సోకిన పశువు గొంతు బొంగురుపోయి అదే పనిగా అరుస్తుంది. చొంగ కారుస్తుంది, మేత మింగలేదు, మాటిమాటికి ముక్కుతుంది, వెనకకాళ్లు పడిపోతాయి. గొంతులో ఏదో ఇరుక్కుందనుకొని రైతు నోట్లో చెయ్యి పెడతాడు. అసలు ముప్పు అక్కడే. చొంగలో రేబిస్ క్రిమి ఉంటుంది. చేతి మీద చిన్న గీత ఉన్నా లోపలికి పోతుంది. అలాంటి పశువును డాక్టరు చూసేదాకా నోట్లో చెయ్యి పెట్టకండి. పాలు తాగకండి, పోయకండి. ఇప్పటికే చెయ్యి పెట్టి ఉంటే ఆలస్యం చేయకుండా మీరూ టీకా వేయించుకోవాలి. ప్రభుత్వ దవాఖానల్లోనూ, నారాయణగూడలోని ఐపీఎంలోనూ ఈ టీకా దొరుకుతుంది.

కుక్కలు పెంచేవారు, కాలనీవారైనా రైతులైనా, కుక్కపిల్లకు మూడు నెలల వయసులో మొదటి రేబిస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు రెండోది, ఆపైన ఏటా ఒకటి వేయించాలి. నట్టల మందు కూడా వేళకు తాగించాలి. కొట్టం కాసే కుక్కకు టీకా ఎందుకనుకునే రైతులు ఇప్పటికీ ఉన్నారు. రోజంతా మీ గొడ్ల మధ్య తిరిగేది అదే కదా!

తుర్కయంజాల్ వంటి ఊళ్లలో ఇంకొన్నేళ్లు గొడ్లు, కుక్కలు, మనుషులు ఒకే కట్ట మీద నడవక తప్పదు. రేపు పొద్దున కుక్కను తీసుకొని బయలుదేరేవారు గొలుసు నడుముకు కాక చేతిలో ఉందో లేదో చూసుకోండి. మంద తోలేవారు ఈనిన బర్రె కొట్టంలో ఉందో లేదో చూసుకోండి. ఈ రెండూ చూసుకుంటే సగం ప్రమాదం ఇంటి దగ్గరే ఆగిపోతుంది.